సగం గోలి

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీ మీద తేదీ మాత్రం వేసి, మిగతాది ఖాళీగా వదిలేశాను. నాతోపాటు గదిలో ఉండే అమ్మాయి ఒక ఆదివారం పొద్దున మంచం పట్టె గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, "అక్కా, ఇల్లంత తిరుగుతున్నది" అన్నప్పుడు నాకు ముందుగా కలిగింది జాలి కాదు, సంతోషం. జాలి తర్వాత వచ్చింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను, వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను, చేయవలసినవన్నీ చేశాను. కానీ ఆ మొదటి క్షణంలో, ఎన్నాళ్ళనుంచో బిగబట్టిన ఊపిరి ఒకటి నాలోంచి హాయిగా బయటికి పోయింది.

నాందేడ్‌లో ఒక విమాన శిక్షణ సంస్థ ఆఫీసులో నాలుగేళ్ళు పనిచేశాను. ఇప్పుడు ఆ కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుంటోంది. నాకంటే చిన్నది, నాకంటే గట్టిగా మాట్లాడుతుంది. ఆమె కోసం, ఆమె టేబుల్ ముందు నిలబడి ఫారాలు నింపబోయే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా పని చెప్పుకోవడానికి పెద్దదేం కాదు. పొద్దున్నే హ్యాంగర్ పక్క గది తలుపు తీయాలి. గాలి ఎటునుంచి వీస్తోందో, మబ్బు ఎంత ఎత్తులో ఉందో బోర్డు మీద రాయాలి. ఏ విమానం ఎవరికి, ఏ సమయానికి అన్నది రిజిస్టరులో వేయాలి. ఎగరబోయే ప్రతివాళ్ళూ వచ్చి ఆ రిజిస్టరులో సంతకం పెడతారు. నిన్నటి నుంచి మద్యం ముట్టలేదు, మందులేవీ వేసుకోలేదు, ఒంట్లో బాగుంది అని ఆ సంతకానికి అర్థం. దాని పక్కన నేను సంతకం పెట్టాలి. రెండు సంతకాలూ పడ్డాకే విమానం తాళంచెవి నా చేతిలోంచి వాళ్ళ చేతిలోకి వెళ్తుంది. నాలుగేళ్ళలో ఎన్నిసార్లు ఆ తాళంచెవి ఇచ్చానో లెక్కలేదు. ఇచ్చిన ప్రతిసారీ ఒక క్షణం ఎక్కువసేపు పట్టుకునేదాన్ని.

ఎందుకంటే నేను అక్కడ చేరింది తాళాలు ఇవ్వడానికి కాదు. మాది మర్ఖేల్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, దుకాణంలో హిందీ. మా నాన్న సోయాబీన్ వేస్తాడు. డిగ్రీ అయ్యాక, ఆఫీసులో రెండేళ్ళు పనిచేసిన వాళ్ళకు పైలట్ శిక్షణలో సీటు ఇస్తారని తెలిసి ఈ ఉద్యోగంలో చేరాను. మా నాన్నకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు బీడీ కాల్చి, "దెగ్లూర్ బస్సుల కిటికి కాడ కూసుంటెనే కక్కుతవ్. గాల్లె ఏం జేస్తవ్ బిడ్డా" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. పన్నెండో తరగతి నుంచి ఏడాదికి మూడు నాలుగుసార్లు నాకు తల తిరిగేది. కుడివైపుకు ఒత్తిగిల్లితే చాలు, పైకప్పు, ఫ్యాను, గోడమీది క్యాలెండరు అన్నీ కలిసి ఒకవైపుకు జారిపోయేవి. నిమిషం లోపే ఆగిపోయేది. మిగతా రోజుల్లో నేను అందరిలాంటిదాన్నే.

రెండేళ్ళు నిండాక నాకు వైద్య పరీక్ష ఫారం వచ్చింది. అందులో ఒక ప్రశ్న ఉంటుంది. మీకూ వస్తుంది. ఎప్పుడైనా తల తిరగడం గానీ స్పృహ తప్పడం గానీ జరిగిందా? పక్కన రెండు గళ్ళు, అవును, కాదు. నేను 'అవును' దగ్గర గుర్తు పెట్టి, కింద వివరాలకు వదిలిన చోట నాలుగు వరుసలు చిన్న అక్షరాలతో రాశాను. డాక్టరు దాన్ని రెండుసార్లు చదివి, నావైపు చూసి, "ఇంత వివరంగా ఎవరూ రాయరు" అన్నారు. చెవి డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన నన్ను బల్లమీద పడుకోబెట్టి, తల వెనక్కి వేలాడదీసి ఒక పక్కకు తిప్పి, నా కళ్ళలోకి చూశారు. నా కళ్ళు వాటంతట అవే కొట్టుకున్నాయట. లోపలి చెవిలో సన్నటి రేణువులు చోటు తప్పితే ఇలా అవుతుందని చెప్పి, తలను మెల్లగా ఇటూ అటూ తిప్పుతూ వాటిని వాటి చోటికి పంపారు. పది మాత్రల పట్టీ ఒకటి రాసిచ్చారు, మళ్ళీ తిరిగితేనే వేసుకోమని. ఆరు నెలలు తిరగకపోతే రమ్మన్నారు.

నా ఫైలులో 'ప్రస్తుతానికి అనర్హురాలు' అన్న కాగితం చేరింది. కాగితాలు ఫైలు చేయడం నా పనే. దానికి రంధ్రాలు కొట్టి, దారం కట్టి, సొరుగులో పెట్టింది నేనే.

మూడు నెలల తర్వాత ఆమె వచ్చింది. ఉమ్రి పిల్ల. నాకంటే రెండేళ్ళు చిన్నది. వాళ్ళ నాన్నకు అక్కడ విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. మా హ్యాంగర్‌లో అంతా పుణె, నాగపూర్, ఢిల్లీ పిల్లలే. వాళ్ళు ఇంగ్లీషులో నవ్వుకునేవాళ్ళు. ఆమె చేరిన రోజు మధ్యాహ్నం నా డబ్బాలోని గోంగూర తొంగిచూసి, "అక్కా, గది పుంటికూరనా? అయితె నువ్వు మనదానివే" అంది. అడగకుండానే ఒక ముద్ద తీసుకుంది. వారం తిరిగేసరికి తన పరుపు చుట్ట తెచ్చి నా గదిలో పరిచింది.

ఆమెకు వైద్య పరీక్ష ఒక్క రోజులో అయిపోయింది. తిరిగొచ్చి నా టేబుల్ మీద చేత్తో కొట్టి, "అయిపాయె అక్కా. అన్నిటికి 'నో' గొట్టిన" అంది. నేను నవ్వి, ఆమె కాగితానికి రంధ్రాలు కొట్టాను. రంధ్రం సరిగ్గా 'అర్హురాలు' అన్న మాట మీద పడింది. కావాలని చేశానో లేదో చెప్పలేను.

అసూయ అంటే మీరు ఏదో మంటలాంటిదని అనుకుంటారేమో. నా అనుభవంలో అది చాలా ఓపికగల పనిమనిషి. దాని వల్ల నేను మంచి స్నేహితురాలినయ్యాను. అప్పటికే మా లైబ్రరీ బీరువాలోని పుస్తకాలన్నీ చదివేశాను. వాతావరణం, దిక్కులు, మ్యాపులు అన్నీ ఆమెకు నేనే చెప్పాను. ఆమె గోడకు కాళ్ళు ఆనించి పడుకుని, "నువ్వు సదువు అక్కా, నేను ఇంట" అనేది. పరీక్ష పాసై అందరికీ ఒక్కో కోవా పేడా పంచి, నాకు రెండు ఇచ్చింది. "సగం పరీక్ష నువ్వే రాస్తివి" అంది. రెండూ తిన్నాను. తియ్యగానే ఉన్నాయి. అదే బాధ.

ఎగిరి వచ్చాక ఆమె మొదట నా దగ్గరికే వచ్చేది. చెంపల మీద హెడ్‌ఫోను అచ్చు, చేతులకు ఆయిలు వాసన. గోదావరి వెంట బాబ్లీ ఆనకట్ట దాకా పోయి, రైలు పట్టా పట్టుకుని తిరిగి వచ్చేవాళ్ళు. "ఇయ్యాల బాబ్లీ కట్ట చూసిన అక్కా. పైకెల్లి చూస్తె మా నాయన దుకాణం గొళ్ళెమంత లేదు. గింత దానికా రెండు రాజ్యాలు కోర్టుకెక్కినయ్." అదే మాట ఆమె హిందీలో చెప్తే అందరూ నవ్వేవాళ్ళు. నేను గదికెళ్ళి డైరీలో రాసుకునేదాన్ని. 'ఈరోజు బాబ్లీ మీదుగా వెళ్ళాను. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి.' అవును, వెళ్ళాను అనే రాసేదాన్ని. మొదట్లో తప్పు రాశానని కొట్టేసేదాన్ని. తర్వాత కొట్టేయడం మానేశాను.

అప్పుడొచ్చింది ఆ ఆదివారం.

తిరగడం ఆగాక ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. మొహం తెల్లగా ఉంది.

"ఎప్పటి సంది?" అన్నాను.

"టెన్త్ సంది. ఎప్పుడన్న ఒకపారి."

"మరి ఫారంల?"

"నో అన్న. అందరు నో అనే రాస్తరు. నువ్వొక్కదానివే ఎస్ రాసి కూసున్నవ్." నీళ్ళు తాగుతూనే నవ్వింది. "నిన్ను చూస్తె నవ్వాల్నో ఏడ్వాల్నో తెలుస్తలేదక్కా. సర్కారోళ్ళు అడిగితె ఎవలన్న నిజం జెప్తరా?"

నేను కూడా నవ్వాను. నవ్వుతూ నా పర్సులోంచి మాత్రల పట్టీ తీసి, ఒక గోలీ చించి ఆమెకిచ్చాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా పల్లెల్లో ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వడం కూర గిన్నె ఇచ్చినంత మామూలు. మా అమ్మ మోకాళ్ళ గోలీలు పక్కింటి ఆమె తీసుకుపోతుంది, బదులుగా తన గుండె మంట గోలీలు ఇచ్చిపోతుంది. ఇద్దరికీ తగ్గినట్టే ఉంటుంది. మందు దాచుకున్న మనిషిని మావాళ్ళు పిసినారి అంటారు. అలా పెరిగిన చెయ్యి ఆలోచించదు.

"ఇది మత్తు గోలి. ఏసుకున్న దినం విమానమెక్కొద్దు" అన్నాను.

"నాకెరుకలేదా? రూల్సు సదివిందే నువ్వు, ఇన్నది నేను."

ఆ పట్టీ అప్పటిదాకా విప్పనే లేదు. పదికి పది ఉన్నాయి. అంటే, డాక్టరు నా తల తిప్పిన రోజు నుంచి నాకు ఒక్కసారి కూడా తిరగలేదు. నా ఆరు నెలల గడువు ఆ వారంలోనే నిండింది. నేను వెళ్ళలేదు. ఆఫీసులో పని ఎక్కువగా ఉందని అనుకున్నాను.

తర్వాత పట్టీలో ఎనిమిది ఉన్నాయి. ఇంకొన్నాళ్ళకు ఏడు. తర్వాత ఐదు. నేను వేసుకోలేదు. ఆమె అడగలేదు. రిజిస్టరు నా చేతిరాతే కాబట్టి ఏ రోజు ఆమె ఎగిరిందో నాకు తెలుసు. ఒక గోలీ తగ్గిన రోజూ, ఆమె ఎగిరిన రోజూ ఒకటే అని కూడా తెలిసింది. నేను ఏమీ అనలేదు. పక్కన సర్ ఉంటారు కదా, ప్రమాదం లేదు కదా అని చెప్పుకున్నాను. సర్ అంటే మా ముఖ్య శిక్షకుడు. ఒకప్పుడు సైన్యంలో విమానాలు నడిపిన మనిషి. ఆయన పక్కన ఉండగా నిజంగానే ప్రమాదం లేదు. కానీ నేను ఊరుకున్నది అందుకు కాదు. ఏదో ఒక రోజు పైన, ఆయన కళ్ళముందు, నా చెయ్యి పడకుండానే ఆ సంగతి బయటపడుతుందని చూస్తున్నాను.

అలా చూస్తుండగానే ఆమె మొదటిసారి ఒంటరిగా ఎగరవలసిన రోజు వచ్చింది.

ఆ రోజుకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. శిక్షకుడు మూడుసార్లు వెంట తిరిగి, అంతా బాగుందనుకుంటే విమానం ఆపించి దిగిపోతాడు. శిష్యుడు ఒక్కడే ఒక చుట్టు తిరిగి దించుతాడు. దిగి రాగానే నెత్తిన ఒక బకెట్ నీళ్ళు గుమ్మరిస్తారు. ఎవరు పొయ్యాలో ఆ ఎగిరినవాళ్ళే చెప్తారు. ఆమె వారం ముందే అందరి ముందూ, "నా నీళ్ళు అక్కనే పొయ్యాలె" అనేసింది. ఆ పొద్దున మేమంతా మావ్‌శీ, అంటే పిన్ని, అని పిలిచే హ్యాంగర్ ఊడ్చే ఆమె బకెట్ నింపి, బంతిపూల రేకులు వేసి, తెచ్చి నా కుర్చీ పక్కనే పెట్టింది. "ఘే గ బాయీ, తుఝీ బాదలీ" అంది. తీసుకోవమ్మా, నీ బకెట్ అని.

అంతకు గంట ముందు గదిలో నేను జడ వేసుకుంటుంటే, అద్దంలో ఆమె కనిపించింది. గోలీని పళ్ళతో రెండు ముక్కలు చేసి, ఒక ముక్క మింగి, రెండోది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది. నేను జడ పూర్తి చేశాను. ఇద్దరం ఒకే ఆటోలో వచ్చాం. దారి పొడుగునా ఆమె విమానం ఎక్కేముందు చూసుకోవలసినవన్నీ బయటికి చదువుతూ వచ్చింది. ఒకచోట వరుస తప్పితే నేనే సరిచేశాను.

ఆమె వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టింది. చుట్టూ పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళెవరికీ తెలుగు రాదు. ఆ గుంపులో మా ఇద్దరికీ తలుపు వేసుకున్న గదిలా ఉండేది తెలుగు.

"గోలి ఏసుకున్నవ్ గద" అన్నాను.

పెన్ను మూత పెడుతూ, తల ఎత్తకుండా, "సగం" అంది.

"తిరిగిందా?"

"లేసేటప్పుడు కొంచెం. ఇప్పుడేం లేదు, మంచిగున్న."

"మరి గిక్కడ దస్తకత్ ఎట్ల జేస్తివి?"

"ఎట్లంటే, పెన్నుతోని." నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. "అక్కా, మా నాయన దుకాణం బంద్ జేసి అచ్చిండు. గేటు కాడ నిలవడ్డడు. ఇయ్యాల గాకుంటె మల్ల నాకు ధైర్యం రాదు. నువ్వు గూడ దస్తకత్ జెయ్యి. ఒక్క చుట్టే."

నేను సంతకం పెట్టాను. తాళంచెవి ఇచ్చాను.

మీరు ఇక్కడ ఆగి నన్ను తిట్టుకోవచ్చు. స్నేహం అనుకున్నాను. చేతకానితనం అని ఇప్పుడు తెలుసు. టేబుల్ దగ్గర, తెలుగులో, 'ఇవ్వను' అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట పదిమందిలో కాదు, ఒక్క మనిషికి చెప్పాలి. అదే నాకు రాలేదు.

వాళ్ళు రెండుసార్లు తిరిగి వచ్చారు. నేను సమయాలు రాశాను. మూడోసారి ఆమె దించిన తీరు నేను కిటికీలోంచి చూశాను. చక్రాలు ఎప్పుడు నేలను తాకాయో తెలియలేదు. ఆ నాలుగేళ్ళలో నేను చూసిన దింపుళ్ళలో అంత మెత్తనిది ఇంకోటి లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. విమానం మెల్లగా వచ్చి హ్యాంగర్ ముందు ఆగింది. ఇంజను నడుస్తూనే ఉంది. సర్ తలుపు తీసి ఒక కాలు బయట పెట్టారు. నా పక్కన బకెట్‌లో రేకులు నీళ్ళమీద తిరుగుతున్నాయి.

నేను లేచి రేడియో మైకు తీసుకున్నాను. మా సంస్థ సొంత చానెల్ అది. దాంట్లో అప్పటిదాకా గాలి వేగం చదవడం తప్ప నేను వేరే మాట మాట్లాడింది లేదు. "సర్, ఆమెను ఒక్కదాన్నే పంపకండి. పొద్దున తల తిరిగి మందు వేసుకుంది" అన్నాను, ఇంగ్లీషులో. నా గొంతు హ్యాంగర్ స్పీకరులోంచి నాకే వినిపించింది. అందరికీ వినిపించింది.

ఇంజను ఆగింది.

సర్ నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చారు. గోలీ నాదేనని, మొదటిది ఇచ్చింది నేనేనని చెప్పాను. ఆయన రిజిస్టరు తిప్పి చూసి, నా సంతకం మీద వేలు పెట్టారు. హిందీలో, మెల్లగా, "ఇక్కడ నీ సంతకం కూడా ఉంది. ఈ అరగంటలో నీకు కొత్తగా తెలిసిందేమిటి?" అని అడిగారు.

దానికి జవాబు నా దగ్గర ఇప్పుడు ఉంది. కొత్తగా తెలిసింది ఆ మెత్తని దింపుడు ఒక్కటే. ఆమె తూలి ఉంటే, విమానం కుదిపి ఉంటే నేను కుర్చీలోంచి లేచేదాన్ని కానేమో. ఆమె బాగా దించింది. నేను ఓర్చుకోలేకపోయాను. ఆమెను ఆపడం సరైనదే, ఆపవలసిందే. నేను మాత్రం ఆపింది అందుకు కాదు.

గేటు దగ్గర ఆమె తండ్రి తెల్ల చొక్కా వేసుకుని, మిఠాయి డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల ఏం జరిగిందో ఆయనకు తెలియదు. ఆమె బయటికి రాలేదు. సర్ నన్నే పంపారు.

"ఏమైంది బిడ్డా, గాలి మంచిగ లేదా?"

"అవు కాకా, గాలి మంచిగ లేదు" అన్నాను.

"గంతేనా? రేపు జేస్తది తియ్యి." డబ్బా మూత తీసి, వద్దంటున్నా నా చేతిలో ఒక పేడా పెట్టాడు. చెట్టు ఆకు కదలకుండా ఉన్న పొద్దు అది.

ఆ వారంలోనే నాకు రెండు కాగితాలు వచ్చాయి. తెలిసి సంతకం పెట్టినందుకు ఒక మెమో. ఆలస్యంగానైనా మాట్లాడి ప్రమాదం తప్పించినందుకు నోటీసు బోర్డు మీద ఒక మెచ్చుకోలు. పుణె పిల్లలు వచ్చి చేయి కలిపారు. మావ్‌శీ దిష్టి తీసింది. నోటీసు చదివిన ప్రతివాళ్ళూ నేనెంత ధైర్యమున్న స్నేహితురాలినో అనుకున్నారు. రెండు కాగితాలకూ రంధ్రాలు కొట్టి నా ఫైలులో పెట్టుకున్నాను.

ఆమె గది వదిలి పోతుందనుకున్నాను. పోలేదు. పోయి ఉంటే నాకు తేలికయ్యేది. పది రోజులు మాట్లాడకుండా ఎదురుమంచం మీదే పడుకుంది. పదకొండో రోజు పట్టీని నా దిండు మీద పడేసి, "నాలుగు మిగిలినయ్. సూసుకో" అంది. అదే మొదటి మాట.

సర్ ఆమెకు ఒకటే చెప్పారు, వైద్య పరీక్ష వాళ్ళకు నువ్వు రాస్తావా, నేను రాయనా అని. ఆమె తానే రాసింది. ముందు దాచాను, పదో తరగతి నుంచి ఉంది అని. అదే చెవి డాక్టరు, అదే బల్ల, తలను అలాగే తిప్పడం. ఆమెకు మూడు నెలల గడువు పెట్టారు. ఆమె మంచం పక్క గోడమీద పెన్సిలుతో రోజులు కొట్టేస్తూ వచ్చింది. నేను చూస్తూ ఉన్నాను. నేను ఎన్నడూ అలా గీతలు పెట్టలేదు.

గడువు నిండిన శనివారం ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చింది. "నా ఫైల్ దియ్యక్కా." తీశాను. దాని కింద నాది ఉంది. ఆమె దాన్ని కూడా లాగి, మొదటి కాగితం చదివింది.

"నీ తారీకు ఎప్పుడో అయిపాయె గద."

"తీరలేదు."

"నాలుగు నెలల సంది తీరలేదా?" నేను సొరుగులోని కాగితాలు సర్దసాగాను. "తిరుగుతున్నదా ఇంక?"

"లేదు."

"ఎన్ని దినాలాయె?"

"పది నెలలు."

ఆమె నావైపు చూసిన చూపును ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. కోపమైతే రాసేదాన్ని. నా ఫైలును తన ఫైలు మీద పెట్టి, సొరుగు మోకాలితో నెట్టి మూసింది. "సోమారం పొద్దుగాల ఇద్దరం పోదాం" అంది. ఆ మంచితనం కూడా నాకు ఓర్వబుద్ధి కాలేదు.

ఎందుకు వెళ్ళలేదో అప్పటినుంచి చాలాసార్లు ఆలోచించాను. 'అనర్హురాలు' అన్న కాగితం ఉన్నంతకాలం తప్పు ఆ కాగితానిది. అది మారితే నేను నిజంగా ఎగరాలి. ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఆమె అబద్ధం రాసింది, అది తప్పే, ప్రాణాల మీదికి వచ్చే తప్పు. కానీ అబద్ధమాడేంతగా ఆమెకు అది కావాలి. నేను నిజం రాశాను. ఆ నాలుగు వరుసలు నిజాయితీతో రాశానో, వెనక్కి రావడానికి ఒక తలుపు తెరిచి ఉంచుకున్నానో, ఇప్పటికీ నాకు తెలియదు. మీరు ఆ ఫారం నింపేటప్పుడు నిజమే రాయండి. రాసి, ఇచ్చిన తారీకుకు మళ్ళీ వెళ్ళండి. ఆ రెండోది కూడా నిజం చెప్పడంలో భాగమే.

సోమవారం ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని అదే బల్లమీద పడుకోబెట్టారు. ఇద్దరి కళ్ళూ కదలలేదు. కాగితాలు వచ్చాక ఆమె రెండు వారాల్లోనే ఒంటరిగా ఎగిరింది. నీళ్ళు మావ్‌శీతో పోయించుకుంది. నేను కుర్చీలోంచి సమయం రాశాను. అది కూడా మెత్తగానే దించింది.

తర్వాత నేను ఆ కుర్చీ వదిలి శిక్షణలో చేరాను. ఎగురుతున్నాను. నా దింపుడు గురించి సర్ ఏమీ అనరు, విమానం దిగాక ఒకసారి చక్రాలవైపు మాత్రం చూస్తారు. బాబ్లీ మీదుగా పోతున్నప్పుడు కిందికి చూసి, దాని గురించి నాదైన మాట ఒకటి వెతుకుతాను. దొరకదు. గొళ్ళెమే కనిపిస్తుంది. ఆమె గంటలు ఎన్నయ్యాయో, నావి ఎన్నో నాకు ఎప్పుడూ తెలుసు. ఎవరూ అడగకపోయినా తెలుసు.

పోయిన ఏడాది ఆమె పై శిక్షణకు వేరే ఊరు వెళ్ళింది. వెళ్ళే రోజు వాళ్ళ నాన్న టెంపో తీసుకొచ్చి కింద నిలబెట్టాడు. మధ్యాహ్నం ఎండ గదిలోకి పడుతోంది. ఆమె పరుపును నేను ఒకవైపు, ఆమె ఒకవైపు పట్టుకుని చుట్టాం. ఆమె దాని మీద మోకాలు పెట్టి తాడు బిగిస్తోంది. ముడి మీద నన్ను వేలు పెట్టమంది. పెట్టాను. ఇక ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ చెప్పలేననిపించింది.

"గా దినం నేను మైకుల మాట్లాడింది..." అన్నాను. "అందరు అనుకున్నట్టు గాదు. నీకొకటి చెప్పాలె."

ఆమె తాడు బిగించడం ఆపలేదు. నా వేలు పక్కకు తీసి ముడి వేసింది. పరుపు ఎత్తి భుజాన పెట్టుకుని, గుమ్మం దాకా పోయి, అక్కడ ఆగి అంది:

"చెప్పకక్కా. చెప్తివంటె నేను మాఫ్ జెయ్యాల్సి అస్తది. నాకింక గంత మనసు రాలె."